గది సర్దకండి

జూన్ 6

మరదలికి,

నువ్వెలా ఉన్నావని అడగను. బాగానే ఉండి ఉంటావు. ఇక్కడ మాత్రం నా కొంప మునిగింది, ముంచింది నువ్వు.

మీ నిధి ఆఫీసు నుంచి నా అర్జీకి జవాబు వచ్చింది. పోస్టుమ్యాన్ ఏదో శుభవార్త అనుకుని నవ్వుతూ చేతికిచ్చాడు పాపం. నిలబడి చదివాను. నమ్మకం కలగక కూర్చుని మళ్ళీ చదివాను. ఆడవాళ్ళు సొంతంగా నడిపే వ్యాపారాలకే మీ నిధి సాయం ఇస్తుందట. నాది అలాంటిది కాదట. "తనిఖీ సమయంలో అక్కడ సబ్బులు తయారవుతున్న ఆనవాళ్ళు లేవు. సంస్థను దరఖాస్తుదారు స్వయంగా నడుపుతున్నట్టు కనిపించలేదు" అని రాశారు. నా చేతులు చూసుకున్నాను. ఈ చేతులు ఎవరివో మరి.

ఆనవాళ్ళు ఎందుకు లేవో నీకు తెలియదా? "మా వాళ్ళు తనిఖీకి వస్తున్నారు, గది శుభ్రంగా పెట్టుకోండి, అక్కడ నా పరువు తీయకండి" అని రాసింది నువ్వు కాదా? నీ పరువు నిలబెడదామని నేను చేసిన పని విను. సబ్బులు ఆరబెట్టే అరలన్నీ పక్కింటి వరండాలో పెట్టించాను. చెక్క అచ్చులు మంచం కిందికి తోశాను. పెద్ద గిన్నె తోమి తోమి అటక మీద బోర్లించాను. వాసన పోయేదాకా కిటికీలు తెరిచిపెట్టి, గోడలకి సున్నం వేయించి, వీధి చివర దర్జీ దగ్గర రెండు మంచి కుర్చీలు అడిగి తెచ్చి వేశాను. బల్ల మీద పూలు కూడా పెట్టాను. ఆఫీసర్ల ముందు మర్యాదగా ఉండాలని పొడుగు చేతుల బట్టలు వేసుకున్నాను.

కళ్ళద్దాలావిడ ఒకరు, కెమెరా పట్టుకుని ఒకాయన వచ్చారు. ఆయన పూలకి ఫోటో తీశాడు, ఖాళీ గోడకి ఫోటో తీశాడు. ఆవిడ అడిగినవాటికన్నిటికీ మీ అన్నయ్యే జవాబులు చెప్పాడు. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళు టీ బాగుందన్నారు.

నీకు పని గురించి తెలియదు కాబట్టి చెప్తున్నాను. రాబోయే సెప్టెంబరు నుంచి తమ గదులన్నిటికీ చిన్న సబ్బులు నేనే ఇవ్వాలని బస్టాండు దగ్గర హోటల్ మేనేజరు అడిగాడు. గరిటె పట్టుకుని చేత్తో తిప్పితే ఆ ఆర్డరు అందదు. కలిపే మిషను కావాలి, దాన్ని పెట్టడానికి వీధి చివరి షెడ్డు కావాలి. అందుకే మీ నిధికి అర్జీ పెట్టాను. ఇప్పుడు మీ అన్నయ్య అరలు అమ్మేద్దామంటున్నాడు. స్నేహితుడి ఇనప సామాన్ల కొట్లో పని కూడా మాట్లాడుకున్నాడు. ఆయన కొట్లో కూర్చుంటాడు, నేను ఇంట్లో కూర్చుంటాను. ఇన్నేళ్ళ నా పని ఆ అరలతోపాటు ఎవరి ఇంటికో పోతుంది.

నిధి ఆఫీసులో నువ్వు సరేననకుండా ఏ కాగితమూ కదలదని మొన్నటిదాకా గొప్పగా రాసేదానివి. మరి నా కాగితం వెనక్కి ఎలా కదిలింది? నువ్వు తోస్తేనే కదిలింది.

ఇట్లు,
టీ బాగా పెట్టే మీ అన్నయ్య భార్య

జూన్ 13

మా అన్నయ్య ఇంటావిడగారికి,

మీ ఉత్తరం అందింది. చదువుతుంటే కాగితం కాలుతుందేమో అనిపించింది. ఒకరి మీద నింద వేసేముందు మంచినీళ్ళు తాగి ఒక్క నిమిషం ఆలోచించే అలవాటు మీకు ముందునుంచీ లేదు.

శుభ్రంగా పెట్టుకోమని రాశాను. ఖాళీ చేసి పెట్టుకోమని రాయలేదు. నేల మీద జిడ్డు లేకుండా చూసుకోండి అని నా ఉద్దేశం. కార్ఖానాని అటకెక్కించి, పూలు పెట్టి కూర్చున్నది మీరు. వచ్చినవాళ్ళు పెళ్ళిచూపులకి రాలేదు. అక్కడ మీరు చేసిన ఘనకార్యానికి ఇక్కడ నన్ను దోషిగా నిలబెడితే ఎలా?

నేను తోశానట! నా వల్ల అయినంత సాయం నేను చేశాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను గానీ మీరు నోరు విప్పించారు. కళ్ళద్దాలావిడ మీ ఊరికి బయల్దేరిన రోజు పొద్దున నేనే ఎదురెళ్ళి, "మేడమ్, మీరు వెళ్ళేది మా అన్నయ్య సబ్బుల కార్ఖానాకి. చాలా కష్టపడి పైకొచ్చినవాడు. కాస్త బాగా చూడండి" అని చెప్పాను. ఆవిడ ఆగి, "మీ అన్నయ్యదా?" అని అడిగి మరీ రాసుకున్నారు. పనిగట్టుకుని ఎవరు చెప్తారు అలాగ? రక్తసంబంధం కాబట్టి చెప్పాను.

ఇక అన్నయ్య జవాబులు చెప్పాడని దెప్పిపొడిచారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా. మీరేమో నోట్లో నాలుక లేనట్టు గుమ్మంలో నిలబడ్డారని మీరే రాశారు. ఆయన కూడా మాట్లాడకపోతే ఆ వచ్చినవాళ్ళు పూలని అడిగేవాళ్ళా? తన గడియారాల కొట్టు మూతపడ్డాక అన్నయ్య ఎంత కుంగిపోయాడో నాకు తెలుసు. సబ్బుల పనిలో పడ్డాకే మనిషయ్యాడు. నాకు రాసే ప్రతి ఉత్తరంలోనూ "మన సబ్బులు" అని ఎంత సంబరంగా రాస్తాడో. ఆ సంబరం మీకు గిట్టదని ఇప్పుడు అర్థమైంది.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. నా గదిలో ఫ్యాను చెడిపోయింది. మీరు అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

ఇట్లు,
మీ ఆయన చెల్లెలు

జూన్ 19

మరదలా,

నీ ఉత్తరం చదివి గరిటె చేతిలోంచి జారింది. అచ్చులో పోయాల్సిన సబ్బు గిన్నెలోనే గడ్డకట్టింది. ఆ నష్టం కూడా నీ ఖాతాలోనే.

"మా అన్నయ్య కార్ఖానా"! ఆడవాళ్ళ వ్యాపారాలకి సాయం చేసే ఆఫీసులో కూర్చుని, తనిఖీకి బయల్దేరిన ఆఫీసరుకి ఎదురెళ్ళి మరీ అది మగవాడి కార్ఖానా అని చెప్పి పంపావు. పైగా సాయం చేశానంటున్నావు. పగవాళ్ళు కూడా ఇంత చక్కగా చేయలేరు. పక్కలో పాముని పెట్టుకుని ఇన్నాళ్ళూ దానికి సబ్బుల పార్సిళ్ళు పంపాను.

మీ అన్నయ్య కార్ఖానాలో ఎవరు ఏం చేస్తారో చెప్తాను, బుద్ధిగా విను. తెల్లవారకముందే లేచి కాస్టిక్ సోడా నీళ్ళు కలిపేది నేను. నీళ్ళలో కాస్టిక్ వేయాలి తప్ప కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు, పోస్తే మొహం మీదికి ఎగురుతుంది. అది మొదటి సంవత్సరం నా ఎడమ మోచేయి నేర్చుకుంది. నూనె వేడి చేసి, చేతి వెనక భాగం గిన్నెకి ఆనించి వేడి చూసేది నేను. రెండూ కలిపి, గరిటెతో గీసిన గీత చెరిగిపోకుండా నిలిచేదాకా ఒకే వైపు తిప్పేది నేను. మధ్యలో ఎవరు పిలిచినా వెళ్ళకూడదు. మా నాన్న పోయిన కబురు వచ్చినప్పుడు కూడా అచ్చుల్లో పోసేసి, గుడ్డ కప్పి, అప్పుడు ఏడ్చాను. మర్నాడు తీగతో కోసేది నేను. అరల్లో పేర్చి, రోజూ ఒక్కో సబ్బునీ తిరగేస్తూ నెల పైన ఆరబెట్టేది నేను. ఆరని సబ్బు చేతిలో కరిగిపోతుంది, వొంటి మీద మండుతుంది. కొన్నవాళ్ళు మళ్ళీ రారు.

కాస్టిక్ వాసన తగిలితే మీ అన్నయ్యకి తుమ్ములు ఆగవు. నేను గిన్నె పొయ్యి మీద పెడితే ఆయన వీధి చివరికి పోయి కూర్చుంటాడు. ఆయన పని లేదని నేననను. ఆరినవి పెట్టెల్లో సర్ది, బండి మీద కొట్లకి వేసి వస్తాడు. కొట్లవాళ్ళు ఆయన్ని సబ్బులాయన అంటారు. ఆయన కాదనడు. మనిషి మంచివాడే. తుమ్మేవాడికి కార్ఖానా రాసిచ్చిన నీ గురించి మాత్రం ఆ మాట అనలేను.

ఇంకొకటి కడుపులో ఉండిపోయింది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నువ్వు నన్ను వదినా అని పిలిచిన పాపాన పోలేదు. ఎదురుగా ఉంటే మొండిగోడతో మాట్లాడినట్టు మాట్లాడతావు. ఉత్తరంలో అయితే ఇంటావిడగారు, మీరూ గీరూ. నేను మీ అన్నయ్యని మింగేశానని నీ బాధ. ఆఫీసరమ్మవయ్యాక నీ కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి. అంతే.

జవాబు నచ్చనివాళ్ళు కమిటీ ముందుకి వచ్చి చెప్పుకోవచ్చని మీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. జూలై మొదట్లో పిలుస్తారట. నేను వస్తున్నాను. నీ గదికి రాను, నీ ఫ్యాను నువ్వే ఉంచుకో. అక్కడి బస్టాండు దగ్గర ఎక్కడో ఉంటాను.

ఇక ఉంటాను. కోపంతో,
కార్ఖానా మనిషి

జూన్ 25

మా అన్నయ్య ఇంటావిడగారికి,

మీ తిట్లపురాణం ముట్టింది. అన్నిటికీ జవాబు చెప్పాలంటే దస్తా కాగితాలు కావాలి. తీరిక చూసుకుని ఒక్కొక్కదానికీ చెప్తాను. ఇప్పుడు ముఖ్యమైనది ఒక్కటే. మీరు ఇక్కడికి రావద్దు.

మీరు అనుకున్నంత సులువు కాదు ఇది. కమిటీ ముందుకి వచ్చేవాళ్ళు గంటలకొద్దీ మెట్ల మీద పడిగాపులు పడతారు. పైగా ఆఫీసుకి రంగులు వేస్తున్నారు, ఎక్కడివి అక్కడ ఉండవు. అర్జీ పోస్టులో పంపినా చదువుతారు. ప్రయాణం దండగ, ఛార్జీలు దండగ. కావాలంటే అన్నయ్యని పంపండి. ఆయన అయితే మెట్ల దగ్గరిదాకా నేనే వెళ్ళి కలుస్తాను, లోపలికి రావాల్సిన పని కూడా ఉండదు.

మీరు వస్తే నేను ఏ మొహంతో నిలబడాలో తెలియక కాదు. నేను ఆ రోజు చాలా పనిలో ఉంటాను. మీతో మాట్లాడడం కుదరదు. తర్వాత, అంత పెద్ద సీట్లో కూర్చుని అన్నయ్య ఇంటావిడ వస్తే లేవనైనా లేవలేదని మళ్ళీ ఒక ఉత్తరం రాస్తారు.

అన్నయ్య తుమ్ముతాడని అంత వెటకారంగా రాయక్కర్లేదు. చిన్నప్పుడు ఆయనకి జబ్బు చేస్తే మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అది మీకు తెలియదు. తెలిసినా మీకు మా బాధ కనిపించదు.

వద్దంటే వద్దు. ఇది బతిమాలుకోవడం కాదు, చెప్పడం.

మీ ఆయన చెల్లెలు

జూలై 1

మరదలా,

రావద్దని నువ్వు ఇంత గట్టిగా రాశావంటే అక్కడ నా ఫైలు మీద నువ్వు ఏం చేసి పెట్టావో నాకు అర్థమైపోయింది. గోడలకి రంగులట! నేనేమైనా గోడలు చూడడానికి వస్తున్నానా?

మీ అన్నయ్యని తీసుకొస్తాను గానీ బస్టాండులోనే కూర్చోబెడతాను. ఈసారి ఆయన ఒక్క ముక్క మాట్లాడడు. ఈసారి నేను ఏదీ దాచను. గిన్నె, గరిటె, అచ్చు, నూనె మరకల గుడ్డ, కోసే తీగ, పచ్చి సబ్బు, ఆరిన సబ్బు అన్నీ సంచిలో వేసుకుని వస్తున్నాను. పొడుగు చేతులు వేసుకోను. మోచేతుల దాకా మచ్చలు కనబడాలి.

నువ్వు నీ పెద్ద సీట్లోంచి లేవక్కర్లేదు. నన్ను చూసి మొహం తిప్పుకుంటే చాలు. నేనూ అదే చేస్తాను.

వస్తున్న మనిషి

జూలై 12

మా అన్నయ్య భార్యకి,

మీకు తృప్తిగా ఉందా? చూశారు కదా నా పెద్ద సీటు. గుమ్మం పక్కన మడత బల్ల. దాని మీద నంబరు చీటీల డబ్బా. లోపలికి పోయేవాళ్ళకి చీటీ చించి ఇవ్వడం, నంబరు పిలవడం, అదే నా పెత్తనం. రావద్దు రావద్దని తల బాదుకున్నది ఇందుకు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో అన్నయ్య సంతోషంతో వీధి వీధంతా ఆఫీసరమ్మ అని చెప్పేశాడు. కాదని చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. కాగితాలు కదలవని నేను రాసింది అబద్ధమే. సరేనా?

సంచి నిండా గిన్నెలతో మీరు వరసలోకి వచ్చి నిలబడితే నా ప్రాణం సగం పోయింది. ఆ పచ్చి సబ్బు వాసనకి ముందున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. మీరు నన్ను చూశారు, బల్లని చూశారు, డబ్బాని చూశారు. అప్పుడు అందరి ముందూ చేయి చాపి, "చీటీ ఇవ్వండి మేడమ్" అన్నారు. మేడమ్! అంత వెటకారం ఎక్కడ నేర్చుకున్నారు? అక్కడే నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

సరే, మీకు దొరికాను, గాలి తీసేశారు. లోపలికి వెళ్ళి గెలిచి రావాలి కదా? తలుపు ఓరగా ఉంది. నేను మీ వెనకవాళ్ళ నంబరు పిలవడం ఆపేసి వింటున్నాను. ఏం వినిపించిందో చెప్పనా? ఏమీ వినిపించలేదు. "మీరు చేసే పని మీ మాటల్లో చెప్పండి" అని కళ్ళద్దాలావిడ అడిగారు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోయారు మీరు. ఆవిడ మళ్ళీ అడిగారు. మీరు సంచిలోంచి గరిటె తీసి బల్ల మీద పెట్టారు. గిన్నె తీసి పెట్టారు.  కమిటీలో ఒకాయన, "పోనీ మీవారిని తీసుకురాలేదా అమ్మా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను తిట్టడానికి నాలుగు పేజీలు నిండే నోరు అక్కడ పెగలదేం? పక్కలో పాము అని రాసిన చేతికి ఆ మాత్రం చెప్పడం రాదా? మీ ఆ ఉత్తరం నా బ్యాగులోనే ఉంది. ఇంకా జవాబు చెప్పని తిట్లు మిగిలాయని తిప్పుతున్నాను. అది పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. నన్ను ఎవరూ పిలవలేదు.

"ఈవిడ నోటితో చెప్పలేదు. చేత్తో రాసింది, వినండి" అని మొదటి నుంచి చదివాను. కాస్టిక్ నీళ్ళ నుంచి ఆరబెట్టేదాకా చదివాను. మీ నాన్న కబురు కూడా చదివాను. తుమ్ముల దగ్గర వాళ్ళు నవ్వారు. నన్ను పాము అన్న చోట కూడా వదల్లేదు, వదిలితే మిగతాది కూడా కల్పించి చదువుతున్నానంటారు. అప్పుడు కళ్ళద్దాలావిడ, "ఇంతకీ ఈ పాము ఎవరు?" అన్నారు. నేనే అన్నాను. అన్నయ్య కార్ఖానా అని మీకు చెప్పి పంపింది కూడా నేనే, అది తప్పు, కార్ఖానా ఈవిడది అన్నాను. మీరు ఆ గరిటె వైపే చూస్తూ నిలబడ్డారు. కనీసం తలెత్తలేదు.

ఆఫీసులో పనిచేసేవాళ్ళు బంధువుల విషయంలో కలగజేసుకోకూడదని రూలు ఉంది. నేను రెండుసార్లు కలగజేసుకున్నాను. సంజాయిషీ అడిగారు. డబ్బా వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నా సంగతి ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు.

ఇది మీ మీద ప్రేమతో చేశాననుకోకండి. అంత చక్కగా తిట్టగలిగిన మనిషి అంత అసహ్యంగా నిలబడిపోతే చూడలేకపోయాను. వెళ్ళండి, ఇప్పుడు అన్నయ్యకి, దర్జీకి, పోస్టుమ్యాన్‌కి అందరికీ చెప్పుకోండి, ఆఫీసరమ్మ చీటీలు చింపుతుందని.

చీటీల మనిషి

జూలై 26

మరదలా,

ముందు కబురు చెప్పి తర్వాత తిడతాను.

కళ్ళద్దాలావిడ చెప్పాపెట్టకుండా మళ్ళీ వచ్చింది. ఆ రోజు గది గదిలా లేదు. నేల మీద నూనె, అరలనిండా సబ్బులు, గిన్నెలో సగం తిప్పిన సరుకు. మీ అన్నయ్య వీధి చివర తుమ్ముకుంటున్నాడు. ఆవిడ ఏదో అడిగింది. ఎప్పటిలాగే నోరు పెగల్లేదు. గరిటె ఆపకుండా తిప్పుతున్నాను. ఇంతలో ఆవిడ గిన్నె మీదికి వంగి వేలు పెట్టబోయింది. "ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది" అని గట్టిగా అన్నాను. ఎందుకు కాలుతుందని అడిగింది. చెప్పాను. ఎంతసేపు తిప్పాలని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత ఆవిడ వెళ్ళొస్తానన్నా నేను వదల్లేదు. సబ్బు పోసి గుడ్డ కప్పేదాకా నిలబెట్టి మాట్లాడాను. టీ ఇవ్వడం కూడా మరిచిపోయాను.

నిన్న కాగితం వచ్చింది. మిషను, షెడ్డు రెండింటికీ ఒప్పుకున్నారు. మీ అన్నయ్య ఇనప సామాన్ల కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. హోటల్ మేనేజరుకి కబురు పంపాను.

ఇక తిట్లు. నా ఉత్తరం నలుగురిలో చదివావు. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పని మాటలు అవి. మా నాన్న సంగతి మీ అన్నయ్యకి కూడా సరిగ్గా తెలియదు. అది విని ముక్కూమొహం తెలియని మగవాళ్ళు తలలూపారు. దానికి నిన్ను క్షమించను. అలాగని నువ్వు చదవకపోయి ఉంటే నేను గిన్నె సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చేసేదాన్ని. రెండూ నిజమే, ఏం చేయను?

మేడమ్ అన్నది వెటకారం అనుకున్నావా? నా ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ నిన్ను మేడమ్ అనే పిలిచారు. నువ్వు ఒక ముసలావిడకి నీ కుర్చీ ఇచ్చావు, ఇంకొకావిడ అర్జీ తప్పుగా నింపితే చింపి కొత్తది ఇచ్చావు. వరసలో నిలబడి చూస్తూనే ఉన్నాను. నా వంతు వచ్చేసరికి భయానికి నాలుక పిడచగట్టి, అందరూ అన్నదే నేనూ అన్నాను. అంతే. ఆ నోటితో వెటకారం చేయగలిగితే కమిటీ ముందు మాట్లాడనా?

మీ అన్నయ్య బస్సులో అడిగాడు, చెల్లి పెద్ద సీట్లో కూర్చుందా అని. కూర్చుందన్నాను. అది చీటీ ఇవ్వకపోతే ఎంతటివాళ్ళూ లోపలికి పోలేరన్నాను. అందులో అబద్ధం ఏముంది? ఆయన ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. మిగతాది చెప్తావో మానతావో నీ ఇష్టం. నా నోటి నుంచి రాదు. నా నోటి సంగతి నీకు తెలుసు కదా.

అక్కడ ఉద్యోగం ఊడితే ఊరికే ఏడుస్తూ కూర్చోకు. హోటళ్ళవాళ్ళతో, కొట్లవాళ్ళతో మాట్లాడే మనిషి నాకు కావాలి. నీకు నోరుంది. ఆడపడుచువని అలుసు ఇవ్వను, పని చేస్తేనే జీతం. వచ్చేటట్టయితే పొడుగు చేతుల బట్టలు తెచ్చుకో. అవి ఆఫీసర్లకి చూపించడానికి కాదు, కాస్టిక్ చిందుతుంది.

నీ ఫ్యాను బాగుచేయించావా?

సబ్బులావిడ

ఆగస్టు 8

వదినా,

నీ కింద నేను పనిచేయడమా? ఆ ఆశ వదిలేసుకో. నువ్వు చెప్పినవైపే గరిటె తిప్పుతూ, ఆరిందా ఆరలేదా అని నీ చేత చివాట్లు తింటూ బతకడం నా వల్ల కాదు. ఒక్క వారంలో ఇద్దరం ఆ గిన్నెతోనే కొట్టుకుంటాం.

ఉద్యోగం ఊడలేదు. ఊడితేనే బాగుండేది. కింద పాత ఫైళ్ళ గదిలో వేశారు. కిటికీ లేదు. ఫ్యాను నేనుండే గదిలోనూ లేదు, ఈ ఫైళ్ళ గదిలోనూ లేదు. సాయం ఒప్పుకున్నారని నువ్వు రాసేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు నా దగ్గరికి ఏ కబురూ రాదు. నీ ఉత్తరం చదివి ఆ ఫైళ్ళ మధ్య కూర్చుని ఏడ్చాను. సంతోషమో అవమానమో తెలియదు, నన్ను అడగకు. అన్నయ్యకి నిన్ననే అన్నీ రాశాను, చీటీల డబ్బా సంగతితో సహా. ఇది నీకు అందేసరికి చదివి ఉంటాడు. ఆయన మొహం ఎలా ఉందో చూసి రాయి. బాధపడితే మాత్రం రాయకు.

మీ నాన్న సంగతి చదవకుండా ఉండాల్సింది. ఆ ఒక్కదానికి నువ్వు ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. మిగతావాటికి పడను.

పైన చీటీలిచ్చే కొత్త అమ్మాయి ఎవరితోనూ మాట్లాడదు, నంబరు పిలిచి ఊరుకుంటుంది. అర్జీలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఏమీ తెలియక మెట్ల మీద కూర్చుంటున్నారు. ఫైళ్ళ గదికి పోవాలంటే ఆ మెట్లే దిగాలి. దిగుతూ దిగుతూ ఒక్కొక్కరి పక్కన కాసేపు కూర్చుంటున్నాను. బుట్టలల్లే ఆవిడ ఉంది, చెప్పులు కుట్టే ఆవిడ ఉంది, కుర్చీల మరమ్మతు చేసే తల్లీకూతుళ్ళు ఉన్నారు. తనిఖీకి ఎవరైనా వస్తే గది సర్దకండి అని చెప్తున్నాను. పని ఆపకండి, పూలు పెట్టకండి, మీ ఆయన్ని వీధి చివరికి పంపండి, చేతులు కనిపించే బట్టలు వేసుకోండి, నోరు పెగలకపోతే ముందే కాగితం మీద ఎవరినైనా తిడుతున్నట్టు రాసి తెచ్చుకోండి అంటున్నాను. మళ్ళీ పట్టుబడితే ఈ ఉద్యోగం కూడా ఉండదు. పోతే పోనీ.

ఇవన్నీ మీకెవరు చెప్పారు మేడమ్ అని అడుగుతున్నారు. మా వదిన అంటున్నాను.

పోయినసారి పంపిన సబ్బులు చేతిలో మెత్తగా కరిగిపోయాయి. నా మీద కోపంతో ఆరకముందే పంపినట్టున్నావు. ఈసారి ఆరనిచ్చి పంపు.

నీ మరదలు